మూడో తొట్టిలో వేలిముద్ర

ఆ షెడ్డులో మూడో తొట్టి దగ్గర రాత్రిపూట ఒంటరిగా నిలబడే ధైర్యం ఎవరికీ లేదని చెప్పుకునేవాళ్ళు. అక్కడ ఎవరో ఊపిరి పీలుస్తారట... సుయ్... సుయ్... అని. అంతటితో ఊరుకుంటే ఫరవాలేదు. ఉత్తబిళ్ళ మీద వేలు పెట్టి మరీ పోతుందట — చచ్చిపోయిన పిల్ల.

ఉత్తబిళ్ళ అంటే ఏంటో చెప్పాలి. లేకపోతే ఇందులో భయపడాల్సింది ఏముందో తెలీదు.

ఆ షెడ్డులో ప్లాస్టిక్ ముక్కలకి వెండిలాంటి మెరుపు పట్టిస్తారు. దానికి కరెంటు అక్కర్లేదు. ముందు ముక్కని నల్లనీళ్ళలో ముంచుతారు. ఆ నీళ్ళలో కంటికి ఆనని లోహపు గింజలుంటాయి. అవి ఒకదాన్నొకటి కరుచుకుని అడుక్కి పోకుండా ఒక్కో గింజకీ జిగురుతో సన్నటి చొక్కా తొడుగుతారు. ఆ గింజ అంటుకున్న చోటల్లా, మూడో తొట్టిలోని వేడివేడి పచ్చటి నీళ్ళలోకి దించగానే, మెరుపు దానంతటదే పుడుతుంది. అంటుకోని చోట పుట్టదు. తొట్టి బుద్ధిగా ఉందో లేదో చూడ్డానికి నల్లనీళ్ళు తగలని తెల్లబిళ్ళ ఒకటి రాత్రంతా అందులో వేలాడదీస్తారు. అదే ఉత్తబిళ్ళ. తెల్లారేసరికి అది ఉత్తగానే పైకి రావాలి.

నెల్లాళ్ళుగా రావడం లేదు. రోజూ దాని నడిమధ్యన ఒక బొటనవేలి ముద్ర... తళతళా మెరుస్తూ.

పక్కగదిలో నల్లనీళ్ళు కలిపే పిల్ల పోయి అప్పటికి ఐదు నెలలు.

ఈ మాట చెవిన పడ్డ రోజు, ప్యాకింగులో అందరూ బక్కోడని పిలిచేవాడు కడుతున్న పెట్టె సగంలో వదిలేశాడు. వాడు ఒకప్పుడు మూడో తొట్టి మనిషే. ఆ పిల్ల పోయాక బతిమాలుకుని ప్యాకింగుకి మారిపోయాడు. ఎందుకు మారావని ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

చెప్పడానికి ఏముంది గనక. గాజుగొట్టం వెలుగుకి ఎత్తి చూసేటప్పుడు ఆమె ఒక కన్ను మూసేది. ఆ మూసిన కన్ను కోసం వాడు రోజూ అరగంట ముందే పనికి వచ్చేవాడు. ఏడాది పాటు అంతే. ఆఖరికి ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, గోడకి చెప్పినట్టు చెప్పాడు.

“నోటితో చెప్పక్కర్లేదు. నేనంటే ఇష్టమైతే... పెట్టెలో ఉత్తబిళ్ళ మీద నల్లనీళ్ళలో ముంచిన వేలు అద్దండి. పొద్దున్నే ఒకటి తీసి తొట్టిలో వేస్తాను. తెలిసిపోతుంది.”

ఆమె తల ఎత్తలేదు. “పిచ్చి కుదరడానికి ఏదైనా కలిపి ఇమ్మంటారా?” అంది. కానీ చెవులు ఎర్రబడ్డాయి — వాడు చూశాడు.

తెల్లారింది. పెట్టెలోంచి ఒక బిళ్ళ తీసి దించాడు. మెరుపు పట్టడానికి రెండు నిమిషాలు చాలు. వాడు ఐదు నిమిషాలు చూశాడు. బిళ్ళ తెల్లగా... అలాగే ఉంది. తీసి చెత్తబుట్టలో పడేశాడు.

కాదంది. అంతే.

ఆ రోజు నుంచి వాడు ఆ గదివైపు మొహం తిప్పలేదు. రెండుసార్లు ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడింది. జాలిపడి వచ్చిందనుకున్నాడు, తొట్టి కలుపుతున్నట్టు వంగిపోయాడు. తర్వాత ఆమెకి జ్వరం. పదిరోజులు ఆసుపత్రిలో ఉంది. షెడ్డంతా వెళ్ళి చూసొచ్చింది. వాడు మాత్రం — కాదనిపించుకున్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అని ఆగిపోయాడు.

పదకొండో రోజు చూడ్డానికి ఆమె లేదు.

వద్దన్న మనిషి ఇప్పుడెందుకు వస్తోంది? అదొక్కటీ అడగాలి. దెయ్యమైనా సరే, నోరు విప్పితే చాలు... అలా అనుకునే రాత్రిపనికి పేరు ఇచ్చాడు.

“చెప్పులు ఇక్కడ విడిచి వెళ్ళరా,” అన్నాడు ప్యాకింగులో ఒకడు. “తిరిగొస్తే నీవి. లేకపోతే నాకు సరిపోతాయి.”

ఎవరూ గట్టిగా నవ్వలేదు.

ఆ రాత్రి పెట్టెలోంచి బిళ్ళ తీసి, తీగకి తగిలించి, మూడో తొట్టిలోకి దించాడు. గడియారం చూశాడు. పది దాటి పది నిమిషాలు.

ఐదు నిమిషాలు... బిళ్ళ తెల్లగా ఉంది.

ఇరవై నిమిషాలు... తెల్లగానే ఉంది. పదీ నలభై కావస్తుండగా ఠప్పున కరెంటు పోయింది. గాలి లాగే ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో — వినపడింది. సుయ్... సుయ్... నిద్రలో ఉన్న మనిషి ఊపిరిలా.

టార్చి వెలిగించాడు. బిళ్ళ చుట్టూ సన్నటి బుడగలు లేస్తున్నాయి. ఉత్తబిళ్ళకి బుడగ రాకూడదు. మెరుపు పుట్టేచోటే వస్తుంది.

ఒక చుక్క మెరిసింది. చుక్క పక్కన గీత. గీత పక్కన ఇంకో గీత... సుడి తిరుగుతూ, చిన్నది, ఆడపిల్ల బొటనవేలు. దాని మీద అడ్డంగా ఒక తెల్లటి చార. సీసా పగిలి ఆమె వేలు తెగినప్పుడు కట్టు కట్టింది వాడే.

“వచ్చావా...” అన్నాడు. “వద్దన్నావుగా. మళ్ళీ ఎందుకు?”

వెనక అడుగుల చప్పుడు... భుజం మీద చెయ్యి పడింది.

“నేన్రా,” అన్నాడు మేస్త్రి. కంటి ఆపరేషనుకి వెళ్ళి రెండు నెలల తర్వాత ఆ రోజే పనిలోకి వచ్చాడు. “దెయ్యం దెయ్యమని ఒకటే గోల, చూద్దామని వచ్చా. ఈ పెట్టె ఎవడు తెరిచాడు? పాడైందని అలమారులో వెనక్కి తోసిపెట్టానే.”

“పాడైందా...?”

“ఆ పిల్ల చేతిపనేరా ఇది. దెయ్యం లేదు, గియ్యం లేదు. పోయేముందు నల్లనీళ్ళు కొత్త పాళ్ళలో కలిపింది. ఎక్కువకాలం నిలవుంటాయని జిగురు పెంచింది. గింజకి చొక్కా బదులు కంబళి కప్పినట్టయింది. నెలలు గడిచినా చావవు గానీ... లేవడానికి అరగంట పడుతుంది. ఐదూ పది నిమిషాల్లో ఏం కనపడదు. ఆ పాళ్ళు మనకి పనికిరావని పారబోయించా.”

బక్కోడు టార్చి మళ్ళీ తొట్టి వైపు తిప్పాడు. తొట్టిలో వేలిముద్ర ఇంకా ఇంకా తళతళా మెరుస్తోంది.

“మరి బిళ్ళ మీద వేలు...”

“అదే నాకూ అర్థం కాలేదు. ఆ సాయంత్రం గ్లవుజు విప్పేసి, నల్లనీళ్ళలో వేలు ముంచి, ఒక్కో బిళ్ళకీ అద్దుతూ కూర్చుంది. ఒకటీ రెండూ కాదురా, పెట్టె మొత్తం. రెండొందలు. అదేంటమ్మా, ఒకటి చాలదా అన్నాను. సిగ్గుపడి నవ్వింది. ‘ఏది తీస్తాడో తెలీదు కదా బాబాయ్’ అంది.”

సుయ్... సుయ్...

“ఎవర్రా వాడు?” మేస్త్రి పెట్టె మూత వేస్తూ అడిగాడు. “నీకేమైనా తెలుసా?”

బక్కోడు టార్చి ఆర్పేశాడు. చీకట్లోంచి జవాబు వచ్చింది.

“తెలుసు బాబాయ్... అరగంట ఆగలేకపోయినవాడు.”