చివరిల్లు డాట్ ఇన్

పొద్దున్న ఏడు దాటిందో లేదో, కొత్త కాలనీ డాబా మీద నూకరత్నం వల పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టేసింది. కింద గదిలో ఆవిడ కొడుకు వీరబాబు, కోడలు హారతి లాప్‌టాప్ ముందు కూర్చుని పేరు కోసం పోట్లాడుకుంటున్నారు. పుట్టబోయే బిడ్డకి కాదు, ఎండుచేపలు అమ్మే వెబ్‌సైట్‌కి. మూడు రోజులుగా ఇదే వరస.

అవసరం అలాంటిది. ఉప్పాడ తీరంలో వాళ్ళ ఇల్లు సముద్రం పాలై మూడేళ్ళయింది. తణుకు నుంచీ నిడదవోలు నుంచీ ఏళ్ళ తరబడి చేపలు కొనుక్కెళ్ళేవాళ్ళు కార్లలో వచ్చి, ఇల్లు ఉండాల్సిన చోట అలలు చూసి వెనక్కి పోతున్నారు. ఫోన్ నంబరు ఉన్నవాళ్ళు పదిమంది కూడా లేరు. ఇంకో ఏడాది ఇలాగే సాగితే నూకరత్నం ముప్పై ఏళ్ళ వ్యాపారం మూతపడినట్టే.

"గంగమ్మ తల్లి పేరు పెట్టండర్రా" అంది నూకరత్నం మెట్లు దిగుతూ.

"చూశానత్తా. అది ఎప్పుడో ఎవరో తీసేసుకున్నారు" అంది హారతి. "వెనకాల అంకెలు తగిలిస్తే దొరుకుద్ది గానీ, ఆ అంకెలు ఎవరికి గుర్తుంటాయి?"

"తీసేసుకోవడమేంటే? మన రేవులోనే గంగమ్మ పేరుతో ఏడు పడవలున్నాయి."

"ఇక్కడ అలా కుదరదు. ఒక పేరు ప్రపంచం మొత్తానికీ ఒక్కళ్ళకే."

ప్రపంచం మొత్తానికా! నూకరత్నం మెట్టు మీదే ఆగిపోయింది.

వీరబాబు గొంతు సవరించుకున్నాడు. "అందుకే నేను చెప్పింది పెట్టు. గోదావరి కోస్టల్ ప్రీమియం డ్రై ఫిష్ ఎక్స్‌పోర్ట్స్. ఎవరూ తీసుకోలేదు."

"ఎందుకు తీసుకుంటారు? అది కొట్టేలోపు పొయ్యి మీద కూర మాడిపోద్ది." హారతి భర్తని ఓరగా చూసి, అత్తగారి వైపు తిరిగి కాస్త భయంగానే అంది. "నేనొకటి అనుకున్నానత్తా. చివరిల్లు."

వీరబాబు చటుక్కున తల్లి వైపు చూశాడు.

రేవు వీధిలో సముద్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉండే ఇల్లు వాళ్ళది. ఊరంతా చివరిల్లు అనేది. నూకరత్నం భర్త జీవరాజు తన చేతులతో కట్టాడు. ఆయన పోయాక ఆ గోడల్లోనే ఆయన్ని చూసుకుని ఆవిడ రోజులు గడిపింది. ఒక శుక్రవారం పొద్దున్న గుమ్మానికి పసుపు రాసింది, సాయంత్రానికి ఆ గుమ్మమే లేదు. ఆనాటి నుంచీ ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"పోయిన ఇంటి పేరు పెట్టి చేపలమ్ముతావా?" నూకరత్నం మిగిలిన మెట్లు గబగబా దిగొచ్చింది. "నా కళ్ళ ముందు మునిగిపోయిందే అది! అప్పటికి నువ్వీ ఇంటికి రానేలేదు. నీకేం తెలుసు?"

హారతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తెలీదత్తా. కానీ ఫోన్ చేసేవాళ్ళందరూ..."

"చాలు. ఆ పేరు నా ముందు ఎత్తకు."

ఇద్దరి మధ్యా నలిగిపోలేక వీరబాబు తణుకు అచ్చాయమ్మ గారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. పాతికేళ్ళుగా వాళ్ళ చేపలే తింటున్న మనిషి ఆవిడ.

"అచ్చాయమ్మ గారూ, మా వెబ్‌సైట్ పేరు చెప్తానండి. విని మళ్ళీ చెప్పండి. గోదావరి కోస్టల్ ప్రీమియం డ్రై ఫిష్ ఎక్స్‌పోర్ట్స్."

"గోదావరి కోస్తా... ఏంటి బాబూ, ఇంకోసారి చెప్పు." రెండోసారి ఆవిడ గోదావరినే వదిలేసింది. "ఇవన్నీ నాకెందుకు గానీ, మీరు చివరిల్లు నూకరత్నం వాళ్ళేగా? ఇల్లు పోయిందని విని ఎంత బాధపడ్డానో. అయినా మా కోడలికి ఇప్పటికీ అదే చెప్తాను, చివరిల్లు నెత్తళ్ళయితేనే తీసుకోమని."

ఫోన్ పెట్టేశాక నూకరత్నం గోడకానుకుని కూర్చుండిపోయింది. కోడలి వైపు తిరిగింది.

"హారతీ, ఆ పేరు తీసుకున్నాక మళ్ళీ మనం ఇల్లు మారితే?"

"ఎన్ని ఇళ్ళు మారినా పేరు మారదత్తా. లోపలున్నదంతా ఒక కంప్యూటర్లోంచి ఇంకో దాంట్లోకి మార్చినా సరే, ఆ పేరు కొడితే నేరుగా మన దగ్గరికే వస్తారు."

"సముద్రం ఇక్కడిదాకా వచ్చినా?"

"వచ్చినా."

నూకరత్నం లాప్‌టాప్ తెర వైపు చూసింది. పెళ్ళయిన నాటి నుంచీ మూడుసార్లు సామాను నెత్తిన పెట్టుకుని వెనక్కి జరిగింది ఆవిడ. కెరటం అందుకోలేని చోటు ఒకటి ఉంటుందని, దాన్ని ఒక్క మాటతో చేరుకోవచ్చని ఎన్నడూ అనుకోలేదు.

"ఒక్కటత్తా" అంది హారతి. "ఏటేటా డబ్బు కట్టి నిలబెట్టుకోవాలి. మర్చిపోతే పరాయివాళ్ళు తీసేసుకుంటారు."

"ఏటేటా గంగమ్మకి చీర పెట్టడం ఎప్పుడైనా మర్చిపోయామా? ఇదీ అంతే." అంతలోనే ఆవిడకి గాభరా పుట్టింది. "ఈలోపు ఎవరికైనా దక్కేసిందేమో చూడవే!"

హారతి అక్షరాలు కొట్టింది. ముగ్గురూ తెర మీదికి వంగారు.

"ఖాళీగానే ఉందత్తా."

ఇన్ని కోట్ల మందిలో ఒక్కరూ ముట్టుకోలేదు. నూకరత్నం రెండు చేతులూ జోడించింది. "మన కోసం అట్టే పెట్టాడే మీ మావయ్య."

మధ్యాహ్నానికి తెర మీద తెల్లటి పేజీ వచ్చింది. పైన చివరిల్లు అన్న పేరు తప్ప ఇంకేమీ లేదు.

"లోపల ఏమీ లేదేంటే?"

"ఇప్పుడేగా కట్టాం అత్తా. రేపటి నుంచీ సర్దుకుందాం."

నూకరత్నం లోపలికి వెళ్ళి, చేతులు శుభ్రంగా కడుక్కుని, గిన్నెలో పసుపు కలుపుకొచ్చింది. వేలితో లాప్‌టాప్ కింది అంచు పొడవునా రాయసాగింది.

"అమ్మా, పాడైపోద్ది!" అన్నాడు వీరబాబు.

"ఊరుకోరా. గుమ్మం."

హారతి ఏడుపు ఆపుకోలేక అత్తగారి భుజం మీద వాలిపోయింది. నూకరత్నం కోడలి చేయి పట్టుకుని, మిగిలిన పసుపు గిన్నె ఆ చేతిలో పెట్టింది.

"ఇకనుంచీ శుక్రవారం శుక్రవారం నువ్వే రాయాలి."