గీకకూడని రెండు బెత్తెలు

రంగుల మేస్త్రీ ఉస్తా షల్బీ లెక్కలో పోర్ట్ సయీద్ మొత్తానికి రంగు వేయడం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు తను. ఇంకొకడు తన తండ్రి, ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది. మిగిలినవాళ్లంతా కుంచె పట్టుకున్న గాడిదలు. ఈ మాట ఆయన ఎవరి చాటునా అనడు, మొహానే అంటాడు. అలాంటి మనిషికి దిసూకీ అనే ఇంకో రంగులవాడు చెడగొట్టిన పని దొరికితే ఇంకేముంది, పండగే.

పని హజ్ చేసొచ్చిన పెద్దావిడ హాజ్జా బహియా ఇంట్లో. మూడో అంతస్తు, వీధి మీదికి పొడుచుకొచ్చిన పాత చెక్క వరండా, దానికి నడుమెత్తు చెక్క రెయిలింగు. దిసూకీ నీలం రంగు వేసిన మర్నాటికే పైపట్టీ మీద బొబ్బలు లేచాయి. వారానికి పెచ్చులూడాయి.

"ఈ ఏడాదిలో ఇది మూడోసారి నాయనా," అంది హాజ్జా. "దీని మీద ఆరేసిన దుప్పట్లన్నీ నీలం మరకలే. అసలే ఒంటరిదాన్ని. దుప్పటి మడవాలంటే రెండో అంచు పట్టుకునే దిక్కు లేదు నాకు. దానికి తోడు ఈ ఉతుకుడు. ఆ దిసూకీని అడిగితే చెక్కదే తప్పంటాడు."

"అనకేం చేస్తాడమ్మా! ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు." షల్బీ ఒక పెచ్చు ఊడబీకి వెలుతురులో తిప్పి చూశాడు. "పాత రంగు గీకలేదు. ఉప్పు కడగలేదు. ప్రైమర్ అన్న మాట వీడు పుట్టాక విననే లేదు. మందంగా పూసేసి పోయాడు. పైన పటారం, లోన లొటారం! వీణ్ణి చిక్కుడు గింజలు ఉడకబెట్టే బండి దగ్గర పెట్టుకున్నా, గింజలు మాడ్చేస్తాడు."

కిందికి దిగి ఎదురుగా ఉన్న కాఫీ దుకాణానికి వెళ్తే, దిసూకీ అక్కడే హుక్కా పీలుస్తున్నాడు.

"ఏం దిసూకీ, డబ్బాలో కుంచె ముంచావా, తోక ముంచావా?"

దుకాణం ఘొల్లుమంది. దిసూకీ నవ్వలేదు, తగువూ పెట్టుకోలేదు. గొట్టం పక్కన పెట్టి మెల్లిగా అన్నాడు: "మిగతాదంతా నీ ఇష్టం ఉస్తా. మధ్యలో ఆ బొబ్బలు లేచేచోట మాత్రం గీకకు. రెండు బెత్తెలు, అంతే. పైపైన పూసి వచ్చెయ్."

"ఎందుకట?"

"నాకు పని నేర్పిన మా ఉస్తా చెప్పాడు. ఆయనకి వాళ్ల ఉస్తా చెప్పాడట."

"అబ్బో! మూడు తరాల సోమరితనం!" షల్బీ తొడ చరిచాడు. "అందరూ వినండి. నేను నున్నగా చేసిన చెక్క మీద మళ్లీ ఒక్క బొబ్బ లేచిందా, ఇదిగో ఈ పక్క కొట్లో, మన మంగలి ఖమీస్ కుర్చీలో కూర్చుని, అందరి ముందూ ఈ మీసం తీయించుకుంటా!"

ఆ మీసం నలభై ఏళ్లది. తండ్రి మీసం ఎలా మెలి తిరిగేదో ఇదీ అలాగే తిరిగేది. పేరూ పరువూ పనీ అన్నీ దాని మీదే నిలబడ్డాయని ఆయన నమ్మకం. అందుకే పందెం అనగానే దుకాణంలో నవ్వులు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. పగలు పదకొండుకల్లా ఆ చోటికి వచ్చాడు.

నాలుగు బొబ్బలు ఒక వరస. బెత్తెడు ఎడంలో ఇంకో నాలుగు. వంగి బయటివైపు చూస్తే కిందుగా ఇటొకటి, అటొకటి. ఒకదాన్ని గీకుడు రేకు మొనతో చిదిమాడు. నీళ్లు కారాయి. నాలిక్కి రాసుకు చూశాడు. ఉప్పు. అదేం వింత, సముద్రం పక్కనే కదా. కానీ ఆ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

"ఎండ," అనుకున్నాడు.

నీలం కింద ఆకుపచ్చ, దాని కింద తెలుపు, దాని కింద గోధుమ. ప్రతి పొరలోనూ అక్కడే, అవే పది మచ్చలు. అడుగున చెక్క తేలింది. ఎండుటాకులా పొడిగా ఉంది! చెమ్మ జాడే లేదు. ఆ పదిచోట్లా మాత్రం చెక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది, గోళ్లతో గీరినట్టు గాట్లతో. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగేవాడు. షల్బీకి బుద్ధికన్నా పందెం పెద్దది. గుంటల్లో లప్పం నింపాడు, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాడు. ముతకది, సన్నది, మరీ సన్నది. చెయ్యి పెడితే జారిపోవాలి, అదీ పనంటే!

మధ్యాహ్నం మూడింటికి ఖమ్సీన్, ఎడారి దుమ్ముగాలి, లేచింది. ముందు ఆకాశం పసుపైంది, తరవాత ఇటుక రంగు, తరవాత పట్టపగలే చీకటి.

"లోపలికి రావయ్యా, కళ్లు పోతాయి!" హాజ్జా తలుపు మూస్తూ కేకేసింది.

"ఇంకో నాలుగు రుద్దులమ్మా!"

వీధి కనబడలేదు. సముద్రం చప్పుడు ఆగిపోయింది. దుమ్ము వాసనలోంచి ఇంకో వాసన వచ్చింది, కుళ్లిన సముద్రపు నాచు, తడి బట్టలు. షల్బీ చెయ్యి ఆపాడు.

రెయిలింగు కిర్రుమంది. ఎవరో బయటినుంచి బరువు వేసినట్టు.

తరవాత ఒక చిన్న చప్పుడు. నున్నటి చెక్క మీద తడి అరచెయ్యి జారినట్టు... సర్‌ర్‌ర్.

మళ్లీ... సర్‌ర్‌ర్.

పట్టీ మీద ఏమీ లేదు. కానీ గోళ్లు వెతుకుతున్నాయి. పాత గాట్ల కోసం వెతుకుతున్నాయి. షల్బీకి అది వినిపిస్తోంది. గాట్లు లేవు... లప్పం పెట్టింది తనే.

జారింది.

ఎడమ మణికట్టును ఐదు వేళ్లు పట్టుకున్నాయి. నిండు మనిషి బరువు. రొమ్ము రెయిలింగుకి గుద్దుకుంది, తల బయటికి వంగిపోయింది. కింద దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆ దుమ్ములోంచి గొంతు, ఆడమనిషిది, ఆయాసంతో:

"వదలకు..."

ఆయన ఎవరినీ పట్టుకోలేదు! హాజ్జా పరుగున వచ్చి నడుం పట్టి వెనక్కి లాగింది. "ఏం పోయేకాలమయ్యా! గాల్లోకి చెయ్యి చాపి వేలాడుతున్నావేం?" ఆవిడకి ఏమీ కనబడలేదు.

షల్బీ సామాను వదిలేసి మెట్లు దిగాడు. ఆ పట్టు చేతిని మెట్ల పక్క సందులోకి లాగుతూనే ఉంది. అంతస్తు దిగేకొద్దీ బరువు తగ్గింది. కింది మెట్టు మీద బరువు పూర్తిగా పోయింది. పక్కనే తడి పాదాలు నేల తాకిన చప్పుడు... టప్. టప్. పట్టు మాత్రం వదల్లేదు.

తెల్లారేసరికి మణికట్టు మీద నాలుగు బొబ్బలు, వెనకవైపు ఒకటి. రెండో రోజు అవి ఎండిపోయాయి, మోచేతి దగ్గర కొత్తవి లేచాయి. మూడో రోజు భుజం కింద, దాంతో పాటు బరువూ మళ్లీ వచ్చింది. అప్పుడు తెలిసింది ఆయనకి. అది కిందికి లాగడం లేదు. ఎక్కుతోంది.

నాలుగో రోజు షల్బీ వెళ్లి దిసూకీ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. ఈ గుమ్మం తొక్కుతానని కల్లో కూడా అనుకోలేదు.

"ఎవరది, ఆ రెయిలింగు పట్టుకు వేలాడేది?" అన్నాడు.

"మేం అడగలేదు ఉస్తా. సోమరులం కదా," అన్నాడు దిసూకీ. షల్బీ చొక్కా చెయ్యి పైకి మడిచి బొబ్బలు చూపించేసరికి వాడి మొహం పాలిపోయింది. "దానికి పట్టుకోవడానికి కాస్త గరుకు కావాలి. అంతవరకే అడిగేది. అది కూడా నున్నగా చేసేశావు."

"మళ్లీ నీలాగే పూసిరా. గీకకు, కడగకు, చెత్తగా పూయి. నీ కాళ్లు పట్టుకుంటా!"

దిసూకీ చటుక్కున వెనక్కి జరిగాడు. "ఇప్పుడు ఎవర్నీ పట్టుకోకు ఉస్తా. పూస్తాను. కానీ నువ్వు సగంలో వదిలేసిన పనిలో నేను చెయ్యి పెడుతున్నానంటే, పందెం ఓడానని నువ్వు ఒప్పుకోవాలి."

నలభై ఏళ్ల మీసం. షల్బీ తల ఊపాడు.

దిసూకీ ఆ సాయంత్రమే గుంటలు మళ్లీ తవ్వి, పైన ముద్దలు ముద్దలుగా పూశాడు. మర్నాడు శుక్రవారం నమాజు అయ్యాక వీధి వీధంతా ఖమీస్ కొట్టు ముందు చేరింది. కత్తి ఆడింది. మీసం ఒళ్లో పడింది. ఎవడో ఈల వేశాడు. షల్బీకి అవేవీ పట్టలేదు, అద్దంలో గుమ్మం వైపే చూస్తున్నాడు. దిసూకీ రెయిలింగు చూసి వచ్చాడు.

"లేచాయా?"

"లేదు ఉస్తా." వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఒక్క బొబ్బ లేదు. అద్దంలా ఉంది. నా జన్మలో ఇంత బాగా ఎప్పుడూ వేయలేదు."

జనం చప్పట్లు కొట్టారు. పోర్ట్ సయీద్‌లో ఒక గాడిదకి పని వచ్చేసిందన్నారు. ఖమీస్ కాలరు దించి మెడ తుడవబోయి ఆగాడు. "ఇవేమిటి ఉస్తా, మెడ మీద? లోపల నీళ్లు కదులుతున్నాయి." అంటుండగానే ఖమీస్ కళ్లముందే అవి అణిగిపోయాయి. షల్బీ భుజాల మీద బరువు ఎవరో ఎత్తేసినట్టు పోయింది.

పోయింది! నవ్వొచ్చింది ఆయనకి, ఏడుపూ వచ్చింది. మెడలో గుడ్డతోనే లేచి, బోడి పెదవి తడుముకుంటూ వీధిలోకి వచ్చి తల ఎత్తాడు.

మూడో అంతస్తులో కొత్త నీలం రెయిలింగు ఎండకి తళతళలాడుతోంది. దాని వెనక హాజ్జా బహియా ఆరిన దుప్పటి తీస్తోంది. తెల్లగా ఉంది, ఒక్క మరక లేదు. ఆవిడ ఏదో కబురు చెబుతూ నవ్వుతూ, రెండో అంచు పక్కనున్న మనిషికి అందించింది.

ఆ మనిషి రెయిలింగుకి లోపలివైపు నిలబడి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"హాజ్జా ఒక్కతే కదా ఉండేది?" అన్నాడు షల్బీ.

"ఎక్కేసింది ఉస్తా," అన్నాడు దిసూకీ. పైన ఇద్దరూ దుప్పటి బిగలాగి, దులిపి, ఒకరివైపు ఒకరు అడుగేశారు. ఒక మడత పడింది. ఇంకో అడుగు వేశారు.