ఎవరూ పొమ్మనలేదు

ఆ ఆదివారం ఉదయం కృపారావు వ్యాను కిటికీకి పట్టిన చెమ్మను పాత తువ్వాలుతో తుడుస్తుంటే, ఇందుమతి చిన్న గ్యాసు పొయ్యి మీద ఉప్మా కలుపుతోంది. బయట ఐర్లండ్‌లోని డంగార్వన్ తీరం మీద జనవరి గాలి ఈల వేస్తోంది. చలికాలం కావడంతో క్యాంప్‌సైటు దాదాపు ఖాళీ.

"వాన తెరిపిచ్చింది ఇందూ. ప్రార్థన మొదలయ్యేలోగా పాత రైలు సొరంగం దాకా సైకిళ్లు తొక్కి వచ్చేద్దామా?" అన్నాడు కృపారావు.

"ముందు తినండి. నిన్నటి ఎదురుగాలికి నా మోకాళ్లు ఇంకా నన్ను తిడుతున్నాయి," అంది ఇందుమతి. అంది గానీ, ఉన్ని మేజోళ్లు అప్పటికే తొడిగేసుకుంది.

ఇద్దరూ డ్రోహెడాలో ఇరవై ఏళ్లు పనిచేశారు. ఆమె నర్సు. అతను రాత్రిళ్లు బేకరీలో. ఒకరు ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇంకొకరు కోటు తొడుక్కునేవారు. కోవిడ్ వార్డుల్లో నలిగి నలిగి ఆమె రిటైరయ్యాక, కృపారావు కూడా పని మానేసి ఓ పాత క్యాంపర్‌వ్యాను కొన్నాడు. దాని వెనక రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు తగిలించాడు. పాత రైలు దారిని సైకిళ్ల దారిగా మార్చారని విని నవంబరులో ఇటు వచ్చారు. మళ్లీ కదలబుద్ధి కాలేదు.

సరిగ్గా వాళ్లు బయల్దేరబోయే రోజుల్లోనే, కొడుకు జెర్రీ అద్దెకున్న ఇంటిని ఓనరు అమ్మేశాడు. ఎంత వెతికినా ఇల్లు దొరక్క జెర్రీ, భార్య జెమీమా, చంటిపిల్ల అబిగేయిల్ వీళ్లింటికే వచ్చేశారు.

ఉప్మా పళ్లేల్లో పెట్టేలోగా వ్యాను పక్కన కారు ఆగింది. ముందు జెర్రీ దిగాడు. వెనక, పాపను ఎత్తుకుని జెమీమా. జెమీమా కళ్లు వాచి ఉన్నాయి.

"ఏంట్రా, ఫోనైనా చెయ్యకుండా?" అంది ఇందుమతి కంగారుగా.

"వ్యాను సర్దెయ్యండమ్మా. ఇంటికి పోదాం. మేం వేరే వాళ్లింట్లో ఓ రూము చూసుకున్నాం."

"ఒక్క రూమా? చంటిపిల్లతోనా? అసలేమైంది?"

"ఏమైందా? చర్చిలో అందరూ ఏమంటున్నారో తెలుసా? కోడలు అడుగుపెట్టగానే అత్తమామల్ని చలిలోకి తోసేసిందంట! నిన్న ఇండియన్ షాపులో విమల ఆంటీ అందరి ముందూ జెమీమాని అడిగేసింది, ‘నీకు మనసెలా వచ్చిందమ్మా’ అని."

కృపారావు తేలిగ్గా నవ్వాడు. "వాళ్ల మాటలకేంరా. మేమిక్కడ గ్రాండ్‌గా ఉన్నాం."

"గ్రాండా? బయట టూ డిగ్రీస్ డాడీ! మీరు నవ్వుతారు. అక్కడ తను రోజూ ఏడుస్తోంది."

కృపారావు నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా తల వంచుకున్న జెమీమా మెల్లగా అంది. "మీరు బయల్దేరేటప్పుడు నేనడిగాను అత్తయ్యా, మా వల్లేనా అని. ‘పర్లేదులేమ్మా, మీకు చోటు కావాలి కదా’ అన్నారు. అప్పట్నుంచి మీ గదిలో నాకు నిద్ర పట్టట్లేదు."

ఇందుమతి కోడలి దగ్గరికి నడిచింది. నిజమే, తను ఆ మాట అంది. కానీ అప్పటికే పెట్టెలు సర్దుకుని ఉన్నారు. కొడుకు రాకపోయినా వెళ్లేవారే. ఈ వయసులో, ఈ చలిలో, సరదాగా సైకిళ్లు తొక్కడానికి పోతున్నామని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. బతుకంతా ఏం చేసినా పిల్లల కోసమే అని చెప్పుకోవడం అలవాటు. ఆ రోజూ అదే మాట నోటికొచ్చింది. తన సిగ్గు దాచుకోవడానికి అన్న మాట, పరాయింటి నుంచి వచ్చిన పిల్ల నెత్తిన నింద అయి కూర్చుంది.

ఆమె జెమీమా చెయ్యి పట్టుకుంది. "నీకు అబద్ధం చెప్పానమ్మా. నా కోసమే వచ్చాను. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు."

ఒమిక్రాన్ భయంతో ఆ నెల ప్రార్థన మళ్లీ జూమ్‌లోనే జరుగుతోంది. పెద్దవాళ్లు నలుగురూ ఇరుకు బల్ల చుట్టూ సర్దుకుని కూర్చున్నారు. పాటయ్యాక స్తెఫను పాస్టరుగారు, "దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా?" అని అడిగారు. పదిమందిలో ఎప్పుడూ నోరు విప్పని ఇందుమతి మైకు నొక్కింది.

"అందరికీ వందనాలు. మా జెమీమా మమ్మల్ని వ్యానులోకి తోసిందనుకుంటున్నారంట. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. మేమే వచ్చాం, షికారుకి. పెళ్లైన ఇన్నేళ్లకి మా ఆయన, నేను ఒకే వేళకి పడుకుని ఒకే వేళకి లేస్తున్నాం. పొద్దున్నే సముద్రం పక్కన సైకిలు తొక్కుతున్నాం. మా ఇల్లు వెచ్చగా ఉంచుతోంది ఈ పిల్లే. దేవుడు నాకిచ్చిన సంతోషం ఇది. దీన్ని దాచి నా కోడలికి మాట తెచ్చాను. అదీ నా సాక్ష్యం."

ఫోనులో విమల గొంతు వినిపించింది. "జెమీమా, తొందరపడి అనేశాను. ఏమనుకోకమ్మా." అంతలోనే ఉండబట్టలేక అడిగింది. "వదినా, అంత చలిలో స్నానాలెలాగ?"

"క్యాంప్‌సైటులో వేన్నీళ్లున్నాయి విమలమ్మా," అన్నాడు కృపారావు. పాస్టరుగారితో సహా అందరూ నవ్వేశారు. జెమీమా మాత్రం అత్త భుజానికి మొహం ఆనించి, ఇన్నాళ్ల ఏడుపూ ఒక్కసారే ఏడ్చేసింది.

మధ్యాహ్నం తండ్రీ కొడుకులు సైకిళ్లేసుకుని సొరంగం వైపు వెళ్లారు. చూసుకున్న రూముకి రావడం లేదని ఆ ఇంటివాళ్లకి చెప్పెయ్యమని ఇందుమతి జెమీమాకి గట్టిగా చెప్పింది. పాప వ్యానులో వెచ్చగా నిద్రపోతుంటే అత్తాకోడళ్లు గుమ్మంలో కూర్చుని టీ తాగారు.

"మరి ఇంటికెప్పుడొస్తారు అత్తయ్యా?" అంది జెమీమా.

‘మీకెప్పుడు అవసరమైతే అప్పుడే’ అన్న మాట ఇందుమతి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని టీతో పాటు మింగేసి, సముద్రం వైపు చూసింది.

"ఏమోనమ్మా," అంది నవ్వుతూ. "నాకింకా తనివి తీరలేదు."