గవరయ్య పుస్తకంలో మొదటి వాక్యం

పొద్దున్నే దాలమ్మ టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ప్రెస్సు నుంచి వచ్చిన పుస్తకాల కట్ట విప్పింది. అట్ట మీద భర్త గవరయ్య ఫోటో. ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల నుంచి సరుకు దించే కంపెనీ పెట్టి, వందల మందికి పని చూపించి, తెలుగు పిల్లలకు బడి కట్టించి, పోయిన ఏడాది కన్నుమూసిన మనిషి. సాయంత్రం ఆ బడిలోనే సంస్మరణ సభ.

దాలమ్మ ఏ బడికీ వెళ్ళలేదు. బియ్యం బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం, రాయడం నేర్చుకుంది. వేలు పెట్టి మొదటి వాక్యం చదివింది. మళ్ళీ చదివింది.

"కోదండం, ఇలాగ రా."

కొడుకు సగం గీసిన గడ్డంతో వచ్చాడు.

"సంపన్న భూస్వామి కుటుంబంలో పుట్టాడంట. ఎవుడ్రా ఈడు? మీ అయ్యేనా?"

"ప్రెస్సాయన అలా ఉంటే బాగుంటుందన్నాడమ్మా. పెద్దవాళ్ళు వస్తున్నారు కదా."

"గుమ్మానికున్న మీ అయ్య కొక్కెం ఏటైంది?"

"తుప్పు పట్టిందని లోపల పెట్టాను."

"ఆ కొక్కెంతో పదేళ్ళు బస్తాలు లాగాడు. కంపెనీ పెట్టినాక కూడా దాన్ని ముట్టుకోకుండా గడప దాటలేదు. మీ అయ్య వీపు మీద ఒరుపులకి నాను నూనె రాసేను. నీ భూస్వామికి ఎవుత్తి రాసిందిరా నూనె? సచ్చినోడిని చూసి కూడా సిగ్గేనా నీకు?"

కోదండం తువ్వాలుతో నురగ తుడుచుకున్నాడు.

"ఆ సిగ్గు నాకు ఎవరు నేర్పారమ్మా? భవానీపూర్ ఇంగ్లీషు బడిలో చేర్చిన రోజు ట్రామ్‌లో ఏం చెప్పావు? నాన్న ఆఫీసు గుమాస్తా అని చెప్పమన్నావు. నాన్నని గేటు దగ్గరికి రావద్దన్నావు."

"రాలేదు కదా."

"వచ్చేవాడు. అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడేవాడు, నేను లోపలికి వెళ్ళేదాకా. మూడేళ్ళు. చెయ్యి కూడా ఊపేవాడు కాదు."

 ఆ రోజుల్లో గవరయ్య, డాక్‌లో ముందే పిలుస్తున్నారంటూ గంట ముందు ఇల్లు వదిలేవాడు. ఎందుకని దాలమ్మ ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

"పెన్ను తే" అంది చివరికి.

కోదండం పెన్నుతో పాటు కొక్కెమూ తెచ్చి, గుమ్మం మేకుకి తగిలించాడు. కూర్చుని మొదటి పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి, ఆగిపోయాడు.

"నాకు తెలుగు రాయడం రాదు కదమ్మా."

"నువ్వు కొట్టీ. నాను రాస్తాను."

'ఈ డాక్‌లోనే బస్తాలు మోశాడు' అని దాలమ్మ ఒక్కో పుస్తకంలో దిద్దుతూ వచ్చింది. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఇంకో ముక్క ఉందిరా. బడి గేటు దాకా రానియ్యనిది నానే అని."

"అది వద్దమ్మా."

"రాయడం రానోడివి, ఊరుకో" అని, దాలమ్మ అదీ రాసింది.