పదకొండో కిలోమీటరు

"పదిన్నరకి బండి రిపేరుకని మన గ్యారేజీకి వస్తుంది. పన్నెండు లోపు సరిహద్దు వంతెన దాటుతుంది. దాటిందా, మన కోడ్ రూమ్ గుమాస్తా మీద ఆశ వదులుకోవడమే," అన్నాడు చీఫ్.

"డిక్కీలో ఉన్నాడా?"

"మత్తులో ఉన్నాడు. ఎంబసీ బండి, మనం ఆపకూడదు, తెరవకూడదు. కానీ వంతెన మీద చెడిపోయిన బండిని ఖాళీ చేశాకే లాగాలని రూలుంది. దానికి వాళ్ళూ సంతకం పెట్టారు."

"జామర్ పెట్టి ఆపేస్తే?"

"నలభై ఏళ్ళ బండి. అందులో కంప్యూటరే లేదు, ఇంక దేన్ని జామ్ చేస్తావు? అంతా పాయింట్స్ ఇగ్నిషన్. అందుకే దాన్ని ఎంచుకున్నారు."

ఫీలర్ ముఖం పాలిపోయింది. డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఫీలర్ గేజితో సందులు కొలిచే మెకానిక్కుగా చేరి గూఢచారి అయ్యాడు. పన్నెండేళ్ళుగా మాత్రం ఆ పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్ మూత తీయలేదు.

"ఇంకెవరినైనా పంపండి సార్."

"గ్యారేజీ నుంచి వంతెన చివరికి పదకొండు కిలోమీటర్లు. అదే మోడల్ బండి." చీఫ్ తలెత్తలేదు. "ఆ లెక్క నీకు తప్ప ఎవరికి తెలుసు?"

నిజమే. పన్నెండేళ్ళ కిందట తన గురువు బండికి పాయింట్ల సందు సరిచేసి, స్క్రూ బిగించడం మర్చిపోయాడు. పదకొండో కిలోమీటరులో బండి ఆగిపోయింది. తరుముకొచ్చినవాళ్ళు ఆగలేదు. రిపోర్టులో 'ఇంజన్ ఫెయిల్యూర్' అని రాశారు. అప్పటినుంచి ఎక్కడ ఏ బండి స్టార్ట్ కాక మూలిగినా, వెనక సీటులో గురువు దగ్గు వినిపిస్తుంది. పట్టపగలు, నలుగురిలో ఉన్నా వినిపిస్తుంది.

నల్లబండి కుదుపులతో గ్యారేజీలోకి వచ్చింది. ఇద్దరు బండలాంటి మనుషులు దిగి డిక్కీకి ఆనుకుని నిలబడ్డారు. స్టీరింగ్ దగ్గర తెల్ల గ్లౌజుల సుందరి. వాళ్ళ దృష్టిలో నమ్మకమైన కొరియర్. రెండేళ్ళుగా మన ఏజెంట్. అంతకుముందు నుంచీ, గురువుగారి కూతురు.

"నూనె వాసన వస్తోంది," అంది. కోడ్ అది.

"పాత బండి కదమ్మా. ముసలాళ్ళ దగ్గర మందుల వాసన రాదూ?"

బానెట్ ఎత్తి డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. మెడ మీద ఎవరిదో ఊపిరి తగిలింది. చూడకుండానే తెలిసింది. గురువు ఎప్పటిలా పాఠం అప్పగించమంటున్నాడు.

ఇక్కడేం జరుగుతుందిరా?

పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిల్‌లో కరెంటు పారుతుంది గురూగారూ. తిరిగే క్యామ్ మూల తగిలి అవి విడిపోగానే కరెంటు తెగుతుంది. తెగిన ఆ క్షణంలోనే కాయిల్ వేల వోల్టులు కక్కుతుంది. ప్లగ్గులో నిప్పురవ్వ పడుతుంది.

విడిపోకపోతే?

నిప్పు లేదు. బండి లేదు.

ఆ సందు చెదరకుండా పట్టి ఉంచేదేమిటి?

ఫీలర్ ఆ సందుని పట్టి ఉంచే స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టాడు. దాన్ని ఆ రోజు ఎంత వదులుగా వదిలేశాడో అంతే వదులు చేశాడు.

చూస్తున్నట్టు ఆమె పక్కన వంగింది. "ఎంత దూరం వెళ్తుంది బాబాయ్?"

"పదకొండు."

తెల్ల గ్లౌజు బానెట్ మీదే ఆగిపోయింది. "నాన్న బండి ఆగింది కూడా అక్కడేగా."

"స్క్రూ బిగించలేదమ్మా. ఆ పని నాదే."

"అయిందా?" డిక్కీ దగ్గరి మనిషి అరిచాడు. ఆమె వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది.

ఫీలర్ క్రేన్ బండిలో వెనకే బయల్దేరాడు. వంతెన వచ్చింది. నల్లబండి టాప్ గేరులో పెళ్ళినడకలు నడుస్తోంది. సరిహద్దు గీతకి రెండొందల మీటర్లు. నూట యాభై. ఇంజన్ దగ్గనైనా దగ్గలేదు.

అప్పుడు తట్టింది. స్క్రూకి కిలోమీటర్లతో పనేముంది? క్యామ్ ఎన్ని దెబ్బలు కొడితే సందు అంత మూసుకుంటుంది. ఆ రోజు గురువు ప్రాణభయంతో చిన్న గేర్లలో ఇంజన్ని చితగ్గొట్టాడు.

చొక్కా గుండీలోని మైకులో అరిచాడు. "సెకండ్ గేరు వెయ్యమ్మా! ఇంజన్ని అరిపించు!"

ఆమె చెవిదిద్దులో రిసీవర్ ఉంది. గేరు మారలేదు. ఎనభై మీటర్లు. తండ్రిని చంపినవాడి మాట ఆమె ఎందుకు వినాలి? ఆమె స్థానంలో తానున్నా వినేవాడు కాదు. నలభై.

నల్లబండి ఒక్కసారిగా గావుకేక పెట్టింది. సెకండ్ గేరు! ఇంజన్ చెవులు చిల్లులు పడేలా అరిచింది, ఒక వెక్కు వెక్కింది, ఇంకోటి, ఆగిపోయింది. ముందు టైర్లకీ తెల్లగీతకీ మధ్య జానెడు దూరం.

సెంట్రీలు రూలు ప్రకారం బండి ఖాళీ చేశారు. డిక్కీలో గుమాస్తా వెలుగు చూడలేక కళ్ళు చికిలించాడు. బతికే ఉన్నాడు.

"ఏ వెధవ చూశాడు ఈ బండిని?" బేడీలు పడుతుంటే బండలాంటి మనిషి గింజుకున్నాడు.

"నేనే," అన్నాడు ఫీలర్. ఆ ఒక్క మాట నలుగురిలో అనడానికి పన్నెండేళ్ళు పట్టింది. అతనికి ఏడుపొచ్చింది.

ఆమె గ్లౌజులు తీస్తూ అతని దగ్గరికి వచ్చింది.

"క్షమించాననుకోకు బాబాయ్. స్క్రూ బిగించు. బిగించాక మళ్ళీ ఒకసారి సందు కొలువు. ఇంటికి నేను వెళ్ళాల్సింది ఈ బండిలోనే."