మూడో మడత

ఆ రోజు ఇంట్లో నలుగురు ఉన్నారు. నడుం పట్టేసి రెండు నెలలుగా మదనపల్లె టమోటా మండీకి పనికి పోలేక, పొద్దున లేస్తే గడప మీదే కూర్చుంటున్న మల్లప్ప. పొయ్యి దగ్గర అతని భార్య చెంగమ్మ. పదో తరగతి చదువుతున్న వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సంగీత. ముందు రోజు సాయంత్రం కుప్పం నుంచి వచ్చిన మల్లప్ప అక్క మునిరత్నమ్మ.

మునిరత్నమ్మ తెచ్చిన నల్ల సంచి గోడ మేకుకు వేలాడుతోంది. మామూలుగా ఆమె వస్తే ఇంట్లో అడుగు పెట్టకముందే సంచిలోంచి మురుకుల పొట్లం బయటికి వచ్చేది. ఈసారి రాలేదు. ఆ సంచిని ఎవరూ విప్పలేదు. అందులో ఏముందని ఎవరూ అడగలేదు కూడా.

పుంగనూరు రోడ్డు మీద పొగమంచు ఇంకా విడలేదు. సంగీత జడ వేసుకుని, నీలం పావడా, తెల్ల చొక్కాతో తయారై, బడిలో ఇచ్చిన కాగితం పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది.

"అప్పా, ఇది ఈ పొద్దే ఇచ్చేయాలంట. పదో తరగతి ఆడపిల్లోళ్ళకి పావడానే ఉండనీయాల్నా, చుడీదారుకి మార్చాల్నా అని అమ్మానాయనల్ని అడుగుతాండారు. నువ్వు చెప్తే నేను రాస్తా. కింద నువ్వు సంతకం పెట్టు."

మునిరత్నమ్మ నవ్వింది. "ఇదేందబ్బా! ఏసుకునేది వాళ్ళు, అడిగేది మనల్నా? మా కాలంలో ఒంటి మీద బట్టుంటే చాలు, బడికి రానిచ్చేవాళ్ళు."

"యూనిఫారం మంచిదే వదినా," అంది చెంగమ్మ పొయ్యిలోకి పుల్ల తోస్తూ. "అందురూ ఒకే బట్ట ఏసుకుంటే ఎవురి ఇంట్లో ఏముండాదో, ఏం లేదో కనపడదు కదా."

"కనపడకేం! పావడా పొడుగు సూస్తే తెలీదా?" అంది మునిరత్నమ్మ. సంగీత కాళ్ళ వంక ఆమె చూపు పోయింది. "సూడు మల్లా, చీలమండ పైకి ఎక్కేసింది."

సంగీత కాళ్ళు దగ్గరికి లాక్కుంది. మల్లప్ప కూడా చూశాడు. ఆ చూపుకు ఆమెకు భయమేసింది.

ఆ పావడాకు ఒక కథ ఉంది. ఎనిమిదో తరగతిలో ఆ గుడ్డను పుంగనూరులో కుట్టించినప్పుడు చెంగమ్మ పట్టుబట్టి దానికి మూడు మడతలు వేయించింది. పిల్ల పెరిగే కొద్దీ ఒక్కోటి విప్పుకోవచ్చని. కింద రెండు, నడుం దగ్గర చొక్కా కింద దాగేలా ఒకటి. అది చూసి మల్లప్ప, "సరే, ఈ మూడు మడతలు ఉన్నంత కాలం పోనీ. మడతలైపోతే బడీ అయిపోయినట్టే," అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. తొమ్మిదిలోకి వచ్చినప్పుడు ఒక మడత విప్పారు. పదిలోకి వచ్చినప్పుడు రెండోది. విప్పిన చోట వెలిసిపోని గుడ్డ ముదురు నీలం పట్టీలా కనిపించేది. ఆ తర్వాత ఆ మాట తలుచుకుని ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

విచిత్రం ఏమిటంటే, బడి తెరిచినప్పటి నుంచి పోయిన నెల దాకా పావడా పొట్టి కాలేదు. చొక్కా చేతులు బిగుతయ్యాయి, చెప్పులు చాలలేదు, పావడా మాత్రం పాదాల దగ్గరే ఉంది. నేను పెరగడం ఆగిపోయిందేమో అనుకుంది సంగీత.

"అమ్మీ, ఈడికి రా. నీ చేతులు సూపించు," అంది మునిరత్నమ్మ.

సంగీత చేతులు చాచింది. అత్త ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా వంచి, వదిలి చూసింది.

"సన్నని ఏళ్ళు. మిషన్ మీద బాగా ఆడతాయి," అంది తమ్ముడితో.

అప్పుడు లేచి సంచి విప్పింది. అందులోంచి ఒక బూడిద రంగు కోటు తీసింది. జేబు మీద ఒక నంబరు కుట్టి ఉంది. మునిరత్నమ్మ కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు దగ్గరి బట్టల కంపెనీకి పోయి వస్తుంది. అక్కడ ఆమె సూపర్‌వైజరు. పోయినేడు కింది వీధి దీపను తనే తీసుకుపోయి, కంపెనీ హాస్టల్లో పెట్టింది. దీప మళ్ళీ ఊరికి రాలేదు. ఫోన్ చేస్తే "బాగుండా" అంటుంది. ఇంకేం అడిగినా మళ్ళీ అదే మాట.

"ఇది కూడా యూనిఫారమే కదమ్మీ," అంటూ కోటును సంగీత భుజాలకు ఆనించి చూసింది. "ఈడ నువ్వు కొనుక్కోవాల. ఆడ వాళ్ళే ఇచ్చి, జీతం కూడా ఇస్తారు. వయసు సంగతి నేను సూసుకుంటా. తొమ్మిదిన్నర బస్సుకి పోదాం."

కోటు సరిగ్గా సరిపోయింది. అత్త కొలత అడగలేదు. అంటే ఎవరో ముందే చెప్పి ఉండాలి. సంగీత తండ్రి వైపు చూసింది. అతను వీధి వైపు తల తిప్పుకున్నాడు.

"అప్పా, మార్చిలో పరీక్షలుండాయి కదప్పా!"

"పావడా సూడు పాపా," అన్నాడు మల్లప్ప మెల్లగా. "ఎదిగిన పిల్ల ఆ పొట్టి పావడాతో రోడ్డెంబడి పోతే సూసేవాళ్ళు ఏమనుకుంటారు? కొత్తది కుట్టించే శక్తి నా నడుముకి లేదు. మడతలైపోయినాయి. ఆ పొద్దే అంటిని కదా."

"కాలేదప్పా! మూడోది ఉండాది. నడుం దగ్గర ఉండాది!"

"ఉండనీలేమ్మా," అంది చెంగమ్మ గబగబా. "ఇప్పుడు దాన్ని ఇప్పేది యాల? అన్నం అయితాండాది, తిందువు."

సంగీత ఆగలేదు. లోపలికి పోయి పాత లంగా కట్టుకుని, పావడా తెచ్చి తండ్రి ముందు పరిచింది. పెన్సిళ్ళు చెక్కే బ్లేడు తీసింది.

"వద్దు పాపా," అంది చెంగమ్మ మళ్ళీ. ఈసారి పొయ్యి దగ్గరి నుంచి లేచింది.

సంగీత అప్పటికే కుట్టు తెంపింది. దారం జర్రున ఊడి వచ్చింది. మడత విచ్చుకుంటుందని, జానెడు గుడ్డ జారుతుందని తండ్రీ, అత్తా చూస్తున్నారు. ఏమీ జారలేదు. గోరంత గుడ్డను మడిచి పైన కుట్టు వేసినట్టుంది, అంతే. ఆ కుట్టు కింద ముదురు నీలం పట్టీలు ఒకదాని కింద ఒకటి వరుసగా ఉన్నాయి. ఒక్కోటి వేలెడు వెడల్పు.

సంగీత చేతిలో బ్లేడు ఆగిపోయింది.

"లేదు కదా!" అంది మునిరత్నమ్మ. "ఎప్పుడో ఇప్పేసినారు. అప్పుడే అయిపోయిందన్న మాట."

మల్లప్ప భార్య వైపు తిరిగాడు. "ఏందిమే ఇది? నన్ను మోసం చేసినావా?"

పొయ్యి మీద అన్నం పొంగి బూడిదలో పడుతున్నా ఎవరూ కదలలేదు.

"మోసం కాదు," అంది చెంగమ్మ. "మడతలున్నంత కాలమని నువ్వే అంటివి. ఒకే తూరి ఇప్పితే ఒకే తూరి అయిపోతాది. అందుకే పిల్ల ఎదిగినప్పుడంతా ఆదివారం పావడా ఉతికి ఒక ఏలు గుడ్డ ఇప్పినా. మళ్ళా కుట్టినా. అట్ల ఆరు నెల్లు లాగినా. మార్చి దాకా లాగుదామనుకుంటి. పిల్లే తొందరగా ఎదిగిపోయె."

సంగీతకు ఆదివారాలు గుర్తొచ్చాయి. పావడా ఆరలేదని సాయంత్రం దాకా అమ్మ ఇవ్వకపోవడం. అమ్మ వేలి కొనల మీద సూది గుచ్చిన నల్లటి చుక్కలు. తను పెరగడం ఆగలేదు. అమ్మే గుడ్డను తనతో పాటు పెంచుకుంటూ వచ్చింది. ఆ కుట్టు తన చేత్తోనే తెంపేసింది.

"అమ్మా," అంది. తెగిన దారాన్ని ఏరుకుంటూ ఏడ్చేసింది.

"ఏడవద్దు. మా అమ్మ నాకు ఒక్క మడతన్నా పెట్టలే. నాలుగో తరగతిలోనే పావడా పొట్టయింది, ఇంట్లో కూసున్నా," అంది చెంగమ్మ. "ఆ కాగితం తీయి. రాయి."

"ఏం రాయాల?"

"పావడా అయినా సరే, చుడీదారయినా సరే, ఏదీ లేకపోతే నా కోక కట్టయినా సరే, నా బిడ్డని బడికి పంపిస్తా అని రాయి."

సంగీత రాసింది. పొదుపు సంఘంలో నేర్చుకున్న సంతకాన్ని చెంగమ్మ ఒక్కో అక్షరం నొక్కి నొక్కి పెట్టింది. ఇన్నేళ్ళూ మల్లప్ప సంతకం పెట్టే చోటు అది.

"తొమ్మిదవుతాండాది మల్లా," అంది మునిరత్నమ్మ. కోటు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "కంపెనీలో మాటిచ్చి వచ్చినా. ఆ పిల్లని తయారు కమ్మను."

మల్లప్ప కింద పరిచిన పావడాలోని ఆ వేలెడు పట్టీలను చూస్తున్నాడు. ఒకదాని మీద వేలు పెట్టాడు. తరువాతి దాని మీద పెట్టాడు. ఆరో పట్టీ దగ్గర వేలు ఆగిపోయింది.

చెంగమ్మ పావడాను అతని ముందు నుంచి లాగి కూతురికి ఇచ్చింది. దాని కింద తన నీలం లంగా తొడిగించింది. రెండు వేళ్ళ మేర అది కిందికి కనపడుతోంది. పుస్తకాల సంచి భుజానికి తగిలించి, రెక్క పట్టుకుని గడప దాకా తీసుకొచ్చింది.

గడప మీద మల్లప్ప అడ్డంగా కూర్చుని ఉన్నాడు. సంగీత నిలబడిపోయింది. వెనక అత్త, "ఒరే మల్లా, పట్టుకోరా!" అంటోంది.

మల్లప్ప తల ఎత్తలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, మూలుగుతూ, కాళ్ళు ముడుచుకుని గడప మీంచి లోపలికి జరిగాడు.

చెంగమ్మ కూతుర్ని బయటికి తోసింది. "తిరిగి సూడొద్దు. సాయంత్రం నేనొచ్చి పిలిచేదాకా ఇస్కూల్లోనే ఉండు."

అయినా సంగీత తిరిగి చూసింది. తల్లి ముఖం కనపడలేదు, తలుపు అంచు పట్టుకున్న వేళ్ళు మాత్రమే కనపడ్డాయి. లోపల గడప వైపు వస్తున్న అత్త అడుగులు, ఏదో కింద పడిన చప్పుడు.

ఆ వేళ్ళు తలుపును సంగీత ముఖం మీదే మూసి, లోపలి నుంచి గడియ పెట్టాయి.