లేని గీతకు సున్నా

విమానాలన్నీ నేలకు అతుక్కుపోయి అది మూడో రోజు. ఎయిర్‌పోర్టు బోర్డు మీద ప్రతి లైనులోనూ ఒకటే మాట: రద్దు. ఆ బోర్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బాబాయి చల్లారిపోయిన కాఫీ తాగుతున్నాడు. డిపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు. అసలు పేరు ఒక ఫైల్లో ఉంది, ఆ ఫైలున్న బీరువా తాళం పోయి చాలా కాలమైంది. వయసు యాభై ఏడు. సర్వీసు ముప్పై ఏళ్ళు. నడుం నొప్పికి మాత్రం ఇంకా పదేళ్ళే.

ఫోన్ మోగింది.

“ఎరుపు కారు దొరికిందా?”

“ఎరుపు లేదు. బూడిద రంగే మిగిలింది.”

కోడ్ సరిపోయింది. అవతల చీఫ్ గొంతు తగ్గించాడు.

“విదేశీ ముఠా ఒకటి నావిగేషన్ సిగ్నల్స్‌తో ఆడుకుంటోంది. రన్‌వే ఒకచోట ఉంటే పైలట్ స్క్రీన్ మీద ఇంకోచోట కనిపిస్తోంది. దొంగ సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టింది ఒక్క మనిషే, రాడార్ ఇంజినీరమ్మ. సాయంత్రం ఐదింటికి రాజధానిలో కమిటీ ముందు ఆవిడ స్వయంగా మ్యాప్ పెట్టి చెప్పాలి. రాలేదనుకో, ఆరింటికి విమానాలు వదిలేస్తారు. తర్వాత ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.”

“ఎలా తీసుకురమ్మంటారు?”

“అద్దె కార్లు. మూడు ఊళ్ళు, మూడు కార్లు. ఒకే నంబరు ప్లేటుతో దారంతా తిరక్కు. దీని పేరు ఆపరేషన్ స్టెప్నీ.”

“హెలికాప్టరు?”

“అదీ ఎగరాలి కదయ్యా.”

బాబాయి నిట్టూర్చాడు. ఆయనకు అప్పగించే పనులన్నీ ఇలాగే ఉంటాయి.

మారువేషాలు పెద్దగా ఏమీ లేవు. విమానం రద్దయి చిక్కుకుపోయిన కుటుంబం. ఇంజినీరమ్మ అక్కయ్య, బాబాయి తమ్ముడు. కూతురు వేషం హోస్టెస్‌ది. ఒకప్పుడు నిజంగానే ఎయిర్ హోస్టెస్, ఇప్పుడు డిపార్ట్‌మెంటు తరఫున ముఠాలో తిరిగే డబుల్ ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, ఎంత రద్దీలోనైనా కౌంటరు దగ్గర దారి ఇప్పించే నవ్వు. ఆమెకు పని నేర్పింది బాబాయే.

గాడ్జెట్లు రెండు. ఒకటి ట్రాకర్ డిటెక్టర్. అద్దె కారన్నాక కంపెనీ ట్రాకర్ ఉండనే ఉంటుంది కాబట్టి అది ఎక్కగానే కుయ్‌మని మొదలుపెట్టింది. బాబాయి దాని బ్యాటరీ పీకేశాడు. రెండోది కెమెరా పెన్ను. కెమెరా పనిచేయదు, పెన్ను రాస్తుంది. ఊదారంగు సిరా. డిపార్ట్‌మెంటు ఎక్కణ్ణుంచి తెచ్చిందో గానీ, ఆ రంగు సిరా బజారులో ఎక్కడా దొరకదు.

కారు కౌంటరు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. క్లర్కు తల ఎత్తకుండానే ఒక కాగితం తోశాడు. దాని మీద కారు బొమ్మ.

“రష్‌గా ఉందండీ. పాత గీతలు, సొట్టలు ఉంటే మీరే చూసి సున్నా చుట్టి ఇచ్చేయండి.”

“నువ్వు అత్తయ్యని చూసుకో నాన్నా, నేను చుట్టేస్తాను. పెన్ను ఇలా ఇవ్వు,” అంది హోస్టెస్.

బాబాయికి పిల్లల్లేరు. వేషానికే అయినా నాన్నా అని పిలిపించుకోవడం ఆయనకు ఎంత బాగుందంటే, వెంటనే పెన్ను ఇచ్చేశాడు. ఆమె కారు చుట్టూ తిరిగి వచ్చింది. క్లర్కు స్టాంపు కొట్టి, స్కాన్ చేసి, కంపెనీ సిస్టంలోకి ఎక్కించి, తాళాలూ, ఆ కాగితమూ చేతిలో పెట్టాడు.

ఇంజినీరమ్మకు మోకాలి ఆపరేషన్ అయి నెలే అయింది. వెనక ఎడమవైపు తలుపుకు చేరబడి, కాలు సీటు మీద చాపుకుంది. మ్యాప్ ఉన్న సంచీ ఒళ్ళోంచి దించలేదు.

“నిదానంగా పోనీ తమ్ముడూ. చచ్చి చేరితే కమిటీ వాళ్ళు నా మాట నమ్మరు.”

మొదటి ఊళ్ళో కారు అప్పగించేటప్పుడు బాబాయి అలవాటు కొద్దీ కాగితం చూశాడు. వెనక ఎడమ తలుపు మీద ఒక సున్నా. తలుపు చూస్తే అద్దంలా ఉంది, గీత అన్నదే లేదు. రేపు కంపెనీ వాడు పేచీ పెట్టకుండా ముందే చుట్టేసిందన్నమాట, తెలివైన పిల్ల అని మురిసిపోయాడు.

రెండో కారు తెల్లది. మళ్ళీ హోస్టెస్సే తిరిగి చూసి వచ్చింది. రెండో ఊళ్ళో టీ కోసం ఆగినప్పుడు బాబాయి ఆ కాగితమూ తీశాడు.

వెనక ఎడమ తలుపు మీదే సున్నా. ఊదారంగు సిరా. ఆ తలుపు మీదా గీత లేదు.

టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని వందల కార్లు అద్దెకు తీసుకున్నాడో ఆయనకే లెక్క లేదు. అదనంగా చుట్టేవాళ్ళు బంపర్ మీద చుడతారు, చక్రాల దగ్గర చుడతారు. రెండు ఊళ్ళలో, రెండు కార్లకి, ఇంజినీరమ్మ చేరబడ్డ తలుపు మీదే ఎవరూ చుట్టరు. కాగితం సిస్టంలోకి ఎక్కగానే ఏ బ్రాంచిలో కూర్చున్న ముఠావాడికైనా కారు నంబరూ, మనిషి కూర్చున్న చోటూ తెలిసిపోతాయి. వెనక అద్దాలు నలుపు. బయటి నుంచి గురి చూసేవాడికి కావలసింది ఆ సున్నా ఒక్కటే.

టాయిలెట్లోకి వెళ్ళి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

“మనుషుల్ని పంపండి.”

“ఎలా పంపను? నా మనుషులూ ఎయిర్‌పోర్టుల్లోనే చిక్కుకున్నారు. రాజధానిలో ఇద్దరే ఉన్నారు. వేరే కారు తీసుకో.”

“బుక్ చేసింది ఒక్కటే ఉంది. కౌంటరు ముందు వంద మంది ఉన్నారు.”

“అయితే నీకు తోచింది చెయ్యి,” అన్నాడు చీఫ్. ఆ మాట అన్నాడంటే ఆయనకు ఏమీ తోచలేదని అర్థం.

దాడి ఎక్కడో తెలిస్తే తప్పించుకోవచ్చు. తెలిసింది ఒక్కరికే. ఆ ఒక్క మనిషీ బయట నిలబడి, ఇంజినీరమ్మకు మంచినీళ్ళ సీసా మూత తీసి ఇస్తోంది. చూసి బాబాయికి కోపం రాలేదు. దుఃఖం వచ్చింది. మొహం కడుక్కుని బయటికి వచ్చాడు.

మూడో కారు నీలం. కాగితం తయారైంది, మళ్ళీ వెనక ఎడమ తలుపు మీదే సున్నా, స్టాంపు పడింది. బాబాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అక్కయ్యా, నువ్వు ముందుకి రా. సీటు వాలుస్తాను, కాలు హాయిగా చాపుకోవచ్చు.”

“ముందు కూర్చుంటే నేను నీకు బ్రేకులు చెబుతూనే ఉంటాను. తర్వాత నన్ననకు.”

“అమ్మాయ్, నువ్వు వెనక. ఎడమవైపు. కుడివైపు పెట్టెలు పెట్టేశాను.”

హోస్టెస్ నవ్వు ఒక్క క్షణం ఆగింది.

“నేను పెట్టెల పక్కన ఇరుక్కుంటాలే నాన్నా.”

“ఇరుక్కోవడమెందుకు, చోటుండగా? ఫోన్ ఇలా ఇవ్వు. ఇక్కణ్ణుంచి ఫోన్లు ఆఫ్, చీఫ్ ఆర్డరు.”

ఇచ్చింది. ఇవ్వకపోతే దొరికిపోతుంది మరి.

వంద కిలోమీటర్లు. బాబాయి అద్దంలోంచి వెనక సీటు చూస్తూనే ఉన్నాడు. తను పని నేర్పిన పిల్లను గురికి ఎదురుగా కూర్చోబెట్టాడు. అనుమానం తప్పైతే జన్మంతా క్షమాపణ అడగాలి. నిజమైతే ఆమె నోరు విప్పాలి. విప్పకపోతే? ఆ ప్రశ్న దగ్గర ఆయన ఆలోచన ఆగిపోతోంది, కారు మాత్రం ఆగడం లేదు. ఇంజినీరమ్మ ఎదర లారీ ఉందంది, కుక్క ఉందంది. వెనక నల్ల కళ్ళద్దాలు తీసేసి, స్కార్ఫు కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది హోస్టెస్.

నగరం మొదలైంది. నాలుగుంపావు. ఫ్లైఓవర్, దాని కింద సిగ్నల్. లైటు పసుపు నుంచి ఎరుపుకు మారింది. ఎడమ పక్కన బూడిద రంగు వ్యాను ఆగి ఉంది.

“తమ్ముడూ, బ్రేకు!” అంది ఇంజినీరమ్మ.

బాబాయి కాలు బ్రేకు మీదకి వెళ్ళింది.

“ఆపకు బాబాయ్!” వెనక నుంచి కేక. “ఇక్కడే! ఆపకు!”

కాలు ఆక్సిలరేటర్ మీద పడింది. “వంగో!” అని అరుస్తూ స్టీరింగు కుడికి తిప్పేశాడు. టప్‌మని ఒక్క చప్పుడు. నాలుగు వైపులా హారన్లు. నీలం కారు ఎర్రలైటు దాటి, బస్సు ముందు నుంచి జారి, అవతలి రోడ్డులో పడింది. ఇంజినీరమ్మ మాత్రం వెనక్కి తిరిగి వ్యాను నంబరు చదివేసింది. జీవితమంతా స్క్రీన్ మీద చుక్కలు చూసిన కళ్ళు.

“అమ్మాయ్!”

“ఉన్నాను.” సీటు కింద నుంచి సన్నగా గొంతు. “తగల్లేదు.”

బాబాయి వేగం తగ్గించాడు.

“ఎందుకమ్మా?”

హోస్టెస్ లేచి సీటు మీద కూర్చుంది. “అక్కడ వాళ్ళ మనిషిలా నటించాను, ఇక్కడ మీ మనిషిలా నటించాను. ఎటు నిజమో ఎప్పుడో మర్చిపోయాను బాబాయ్. అలిసిపోయాను.”

ఆ అలసట ఆయనకు తెలుసు.

ఐదుకు పది నిమిషాలుండగా ఇంజినీరమ్మ సంచీ పట్టుకుని కుంటుకుంటూ మెట్లెక్కింది. ఐదున్నరకు కమిటీ విమానాలు వదలడం ఆపేసి, దొంగ సిగ్నల్ వస్తున్న ఇంటి మీదకి పోలీసుల్ని పంపింది. వ్యాను ఊరు దాటకుండానే దొరికింది. చీఫ్ తాలూకు ఇద్దరూ హోస్టెస్‌ని తీసుకెళ్ళారు. కారెక్కే ముందు ఆమె వెనక్కి తిరిగింది.

“వెళ్ళొస్తాను నాన్నా.”

అప్పటికి వేషాలు అయిపోయాయి. బాబాయి తల ఊపాడు.

ఇక మిగిలింది కారు అప్పగించడం. క్లర్కు చుట్టూ తిరిగి, వెనక ఎడమ తలుపు దగ్గర ఆగిపోయాడు.

“సార్, ఇక్కడ బొక్క పడింది!”

బాబాయి జేబులోంచి కాగితం తీసి, మడతలు సరిచేసి ఇచ్చాడు.

“నేను తీసుకోకముందే రాసి ఉంది. స్టాంపు కూడా మీ కంపెనీదే.”

క్లర్కు కాగితం చూశాడు. తలుపు చూశాడు. మళ్ళీ కాగితం చూసి, సంతకం చేసి ఇచ్చేశాడు.

“మా వాళ్ళు ఇంత కరెక్టుగా రాయడం ఇదే మొదటిసారి సార్.”